మన వార్డుల్లో ఆడవాళ్ళ విషయంలో ఏది రూలు, ఏది ఊరికే అలవాటు?

ఉప్పల్_సిస్టర్:

నమస్తే అందరికీ. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మాది హైదరాబాద్‌లోనే మోర్మన్ల చర్చిలో ఒక వార్డు, అంటే ఒక స్థానిక సంఘం, ఏదో చెప్పను, చెప్తే మనుషులు తెలిసిపోతారు, నాకు ఎవరి మీదా కోపం లేదు. ఈమధ్యే నన్ను మా వార్డు ఆడవాళ్ళ సంస్థ రిలీఫ్ సొసైటీకి ప్రెసిడెంట్‌గా పిలిచారు, ఒప్పుకున్నాను. ఇకమీదట ప్రతి వార్డ్ కౌన్సిల్‌లో, అంటే వార్డు నాయకుల మీటింగ్‌లో, నేను కూర్చోవాలి. బిషప్ గారు, ఆయన కౌన్సిలర్లు ఇద్దరు, క్లర్కు, ఎల్డర్స్ కోరం (పెద్ద మగవాళ్ళ గ్రూపు) ప్రెసిడెంటు, ఇంకా ఒకరిద్దరు బ్రదర్స్, వాళ్ళ మధ్యలో యంగ్ విమెన్ (టీనేజ్ అమ్మాయిల గ్రూపు) ప్రెసిడెంటు, ప్రైమరీ (చిన్నపిల్లల గ్రూపు) ప్రెసిడెంటు, నేను.

మా సంఘం తెలియని వాళ్ళ కోసం చెప్తున్నా, బయట అందరూ మోర్మన్లు అంటారు, అసలు పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము. మాకు జీతం తీసుకునే పాస్టర్ ఉండరు. బిషప్ అంటే బ్యాంకులోనో సాఫ్ట్‌వేర్ కంపెనీలోనో ఉద్యోగం చేసుకుంటూ కొన్నేళ్ళు ఆ బాధ్యత మోసే మామూలు బ్రదర్. యాజకత్వం, అంటే ప్రైస్ట్‌హుడ్, మగవాళ్ళకే ఇస్తారు. మగపిల్లలకి 2019 నుంచి పన్నెండో ఏడు వచ్చే సంవత్సరం జనవరిలోనే ఇచ్చేస్తున్నారు, వాళ్ళు డీకన్లై ఆదివారం రొట్టె, నీళ్ళు అందరికీ అందిస్తారు. ఆడవాళ్ళకి ఏ వయసులోనూ ఇవ్వరు. బిషప్, స్టేక్ (కొన్ని వార్డులు కలిసినది) ప్రెసిడెంట్, పైన పన్నెండుమంది అపొస్తలులు, ప్రవక్త, ఇవన్నీ ప్రైస్ట్‌హుడ్ ఉంటేనే వచ్చేవి కాబట్టి అక్కడ ఆడవాళ్ళు ఉండరు. ఇది నాకు తెలుసు, దీన్ని వార్డ్ కౌన్సిల్‌లో కూర్చుని నేను మార్చలేను.

నేను అడిగేది దానికింద ఉన్న మిగతా వాటి గురించి. సేక్రమెంట్ మీటింగ్‌లో, అంటే ఆదివారం ఆరాధనలో, ముందు ఒక సిస్టర్ మాట్లాడుతుంది, చివర పెద్ద ప్రసంగం ఎప్పుడూ బ్రదరే చేస్తారు. స్టాండ్ మీద, అంటే ముందున్న వేదిక మీద, కుర్చీల్లో ఎప్పుడూ మగవాళ్ళే. అబ్బాయిలకి అనంతగిరి కొండలకి క్యాంపు, అమ్మాయిలకి అదే నెలలో చర్చి వంటగదిలో కేకు క్లాసు. ఎవరింట్లోనో భర్త ఉద్యోగం పోయింది, ఆ ఇంటికి నేను వెళ్ళొచ్చాను, పరిస్థితి నాకు తెలుసు, కానీ కౌన్సిల్‌లో ఆ విషయం వచ్చినప్పుడు అందరూ ఎల్డర్స్ కోరం ప్రెసిడెంట్ వైపే చూస్తారు. ఇవన్నీ సాల్ట్ లేక్ నుంచి, అంటే అమెరికాలోని మన సంఘం హెడ్డాఫీసు నుంచి, వచ్చిన రూల్సా, మన ఇళ్ళల్లోంచి మనం తెచ్చిపెట్టుకున్న అలవాట్లా? నేను గట్టిగా అడగదగ్గవి ఏంటి, అడిగినా లాభం లేనివి ఏంటి? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్. నాకు ఇద్దరు కూతుళ్ళు, పెద్దది అన్నీ గమనిస్తోంది.

---

నల్లకుంట_అమ్మమ్మ:

అమ్మా, ముందు నీకు అభినందనలు. నేను ఈ సంఘంలోకి రాకముందు చాలా ఏళ్ళు వేరే సంఘంలో ఉన్నదాన్ని. అక్కడ మేము ఎడమపక్క చాపల మీద, మగవాళ్ళు కుడిపక్క. తలమీద కొంగు జారితే పక్కనున్న ఆవిడ గిల్లి మరీ సర్దేది. "స్త్రీలు సంఘములలో మౌనముగా ఉండవలెను" అని కొరింథీ పత్రికలో వాక్యం తీసి చదివేవారు, సాక్ష్యం చెప్పుకోవాలన్నా పాస్టరమ్మ గారి ద్వారా చెప్పించుకోవాలి. అలాంటి చోట నుంచి వచ్చి మొదటిసారి మన సేక్రమెంట్ మీటింగ్‌లో కూర్చుంటే ఇంటర్ చదివే పిల్ల పుల్పిట్ దగ్గరికి వెళ్ళి పది నిమిషాలు వాక్యం చెప్పింది, దాని తండ్రి కింద కూర్చుని విన్నాడు. కుటుంబాలు కుటుంబాలుగా కలిసి కూర్చున్నారు. నాకు అది ఎంత పెద్ద విషయమో మీ వయసు వాళ్ళకి చెప్పినా అర్థం కాదు.

అలాగని అంతా బాగుంది నోరు మూసుకోమని చెప్పట్లేదు. మన సంఘంలో కూడా చాలా మార్పులు ఎవరో అడిగితేనే వచ్చాయి. సేక్రమెంట్ మీటింగ్‌లో ఆడవాళ్ళు ప్రార్థన చేయకూడదని కొన్నాళ్ళు పద్ధతి ఉండేది, 1978లో అది తీసేశారు. జనరల్ కాన్ఫరెన్స్‌లో, అంటే ప్రపంచమంతా చూసే మన సంఘం పెద్ద సభలో, అయితే 2013 ఏప్రిల్ దాకా ఒక్క సిస్టర్ కూడా ప్రార్థన చేయలేదు, మొదట చేసినావిడ జీన్ స్టీవెన్స్. మన టైములో శనివారం రాత్రి తొమ్మిదిన్నరకి మొదలవుతుంది కదా కాన్ఫరెన్సు, ఆ ఏడాది అది చూసి నేను ఏడ్చాను. ప్రార్థనలో ఆవిడ చెప్పిన మాటలు గుర్తులేవు, ఆ గొంతు ఆడగొంతు కావడమే గుర్తుంది.

ఇంకొకటి. 2019 అక్టోబరులో ప్రవక్త నెల్సన్ గారు బాప్తిస్మానికి ఆడవాళ్ళు కూడా సాక్షులుగా నిలబడొచ్చని చెప్పారు. అంతకుముందు ప్రైస్ట్‌హుడ్ ఉన్న మగవాళ్ళే నిలబడాలి. మా మనవరాలికి ఎనిమిదేళ్ళు నిండాక బాప్తిస్మం ఇచ్చినప్పుడు నేను ఒక సాక్షిని. ఊరికే నిలబడటం కాదమ్మా అది. తొట్టి పక్కన నిలబడి చూడాలి, మాటలు ఒక్కటి తప్పకుండా చెప్పారా, పిల్ల పూర్తిగా మునిగిందా, జుట్టు గానీ తెల్లగౌను అంచు గానీ పైకి తేలిందా అని. మా పిల్లది జడ విప్పేసి ఉంది, జుట్టు కొస పైనే తేలింది. నేను తల అడ్డంగా ఊపాను, మా అల్లుడు మళ్ళీ ముంచాడు. ఆ రోజు నేను కాదంటే కాలేదు, అవునంటే అయింది. కాబట్టి నువ్వు మొదట చేయాల్సిన పని, నీ వార్డులో బాప్తిస్మం అయినప్పుడల్లా ఒక సాక్షి సిస్టర్ ఉండేలా అడుగు. పర్మిషన్ వచ్చి ఏళ్ళయినా చాలాచోట్ల ఇంకా ఇద్దరు బ్రదర్సే నిలబడుతున్నారు, వద్దని ఎవరూ అనలేదు, పిలవడమే ఎవరికీ తట్టడం లేదు.

---

మాజీ_కౌన్సిలర్_మల్కాజ్‌గిరి:

సిస్టర్ గారు, నేను బిషప్రిక్‌లో, అంటే బిషప్, ఆయన కౌన్సిలర్ల టీమ్‌లో, కొన్నేళ్ళు పనిచేశాను, అందుకని సూటిగా చెప్తాను. సంఘం రూల్స్ పుస్తకం, జనరల్ హ్యాండ్‌బుక్, మీ ఫోన్‌లోనే ఉంది, గాస్పెల్ లైబ్రరీ యాప్‌లో. ఇది చిన్న విషయం కాదు. 2020 దాకా దాంట్లో మొదటి భాగం బిషప్పులు, స్టేక్ ప్రెసిడెంట్లు లాంటి కొద్దిమంది దగ్గరే ఉండేది, అంటే రిలీఫ్ సొసైటీ ప్రెసిడెంట్‌కి కూడా పూర్తి రూల్స్ చూసే అవకాశం లేదు, "హ్యాండ్‌బుక్‌లో అలా ఉంది సిస్టర్" అంటే నమ్మడం తప్ప దారి లేదు. ఇప్పుడు ఎవరైనా చదవొచ్చు. కౌన్సిల్‌కి వెళ్ళేముందు మీకు సంబంధించిన అధ్యాయాలు ఒకసారి చదవండి, సగం వాదనలు అక్కడే తేలిపోతాయి.

మీరు అడిగినవి ఒక్కొక్కటి. చివరి స్పీకర్ మగవాడే ఉండాలన్నది కేవలం అలవాటు. బిషప్ గారు ప్రోగ్రాం వేసేటప్పుడు సిస్టర్‌ని చివర పెడితే సరిపోతుంది, ఎవరినీ అడగక్కర్లేదు. నేను పెట్టాను, ఆకాశం ఏం కూలిపోలేదు.

క్యాంపు, కేకు సంగతి. యూత్ బడ్జెట్ అబ్బాయిలకీ అమ్మాయిలకీ న్యాయంగా, పిల్లల సంఖ్యని బట్టి పంచాలని హ్యాండ్‌బుక్‌లోనే ఉంది. ఇది మీరు బతిమాలి అడిగేది కాదు, చూపించి అడిగేది. డబ్బు తక్కువ ఉందంటే ఇద్దరికీ తక్కువే ఉండాలి. అమ్మాయిల్ని బయటికి తీసుకెళ్ళాలంటే తల్లిదండ్రులు భయపడతారు అనే మాట కూడా వస్తుంది, అది నిజమే, కానీ ఇద్దరు సిస్టర్లు, ఒక జంట వెంట వెళ్తే ఆ భయం తీరుతుంది, ఖర్చులో కోత పెట్టడానికి అది కారణం కాకూడదు.

ఇంటర్వ్యూలు. 2018లో వచ్చిన మార్పు చాలామందికి ఇప్పటికీ తెలీదు. సిస్టర్ గానీ పిల్లలు గానీ బిషప్ గారి గదిలోకి ఇంటర్వ్యూకి వెళ్ళేటప్పుడు తమకి కావాలనుకుంటే ఇంకో పెద్దవాళ్ళని లోపల కూర్చోబెట్టుకోవచ్చు. మన అమ్మాయిలకి ఈ మాట వాళ్ళంతట వాళ్ళకి తెలిసే దారి లేదు, యంగ్ విమెన్ క్లాసులో మీరే చెప్పాలి. కొంతమంది పిల్లలు తమ సమస్యలు ఒక మగమనిషికి చెప్పలేక రికమెండ్ ఇంటర్వ్యూకే, అంటే దేవాలయంలోకి వెళ్ళే అనుమతి కోసం చేసే ఇంటర్వ్యూకే, రావడం మానేశారు, అది నేను కళ్ళారా చూశాను.

ఉద్యోగం పోయిన కుటుంబం గురించి. 2018లో ఎల్డర్స్ కోరం, హై ప్రీస్టులు అనే రెండు మగవాళ్ళ గ్రూపుల్నీ కలిపి ఒకటి చేశాక, తర్వాత వచ్చిన మార్పుల్లో బిషప్ యూత్ మీద ఎక్కువ దృష్టి పెట్టాలి, పెద్దవాళ్ళ అవసరాలు రిలీఫ్ సొసైటీ ప్రెసిడెంటు, ఎల్డర్స్ కోరం ప్రెసిడెంటు కలిసి చూసుకోవాలని చెప్పారు. ఇద్దరూ సమానంగా. కాబట్టి మీరు వెళ్ళొచ్చిన ఇంటి గురించి మీరే మాట్లాడాలి, ఆయన వైపు చూసినా మీరే మొదలుపెట్టండి.

స్టాండ్ విషయం ఒక్కటి జాగ్రత్త. కాలిఫోర్నియాలో శాన్ ఫ్రాన్సిస్కో వైపు కొన్ని వార్డుల్లో సిస్టర్ లీడర్లు కూడా బిషప్రిక్‌తో పాటు స్టాండ్ మీద కూర్చునేవారు, చాలా ఏళ్ళు అలా సాగింది. 2023లో పైనుంచి ఏరియా నాయకుడు ఆపమన్నారు, అక్కడి సిస్టర్లు చాలా బాధపడ్డారు, ఉత్తరాలు రాశారు, పేపర్లలో వచ్చింది. కాబట్టి మీరు మొదటి మీటింగ్‌లోనే కుర్చీ అడిగితే మొత్తం చర్చ ఆ కుర్చీ చుట్టూ తిరిగి మిగతావి మరుగున పడతాయి. నా సలహా అది చివర పెట్టుకోండి.

---

ఉప్పల్_సిస్టర్:

బ్రదర్, బడ్జెట్ విషయం హ్యాండ్‌బుక్‌లో ఉందని నాకు నిజంగా తెలీదు, యంగ్ విమెన్ ప్రెసిడెంట్‌కి కూడా తెలీదు, ఇప్పుడే ఫోన్ చేశాను. అమ్మమ్మ గారూ, సాక్షి విషయం వచ్చే బాప్తిస్మానికే అడుగుతాను.

కానీ ఒక్క మాట. కుర్చీ చివర పెట్టుకోండి అన్నారు, సరే, కానీ పిల్లలకి కనిపించేది కుర్చీయే కదా. బడ్జెట్ వాళ్ళకి కనపడదు.

---

తార్నాక_పిల్ల:

అక్కా, నేను మిషన్ (సువార్త సేవ) చేసొచ్చిన. 2012ల అమ్మాయిల వయసు 21 నుంచి 19కి తగ్గించిన్రు కదా, ఆ మార్పు లేకుంటే ఇంట్ల పెళ్ళి చేసేటోళ్ళు, నేను పోయేదాన్నే కాదు. పద్దెనిమిది నెలలు రోజూ పొద్దున ఆరున్నరకి లేచి ఎండల తిరిగి పాఠాలు చెప్పిన, నేను చెప్పిన పాఠాలు విని మంది బాప్తిస్మం తీసుకున్నరు. కానీ నీళ్ళల్లకి దిగేది నేను కాదు, నిన్నమొన్న వచ్చిన పద్దెనిమిదేండ్ల ఎల్డరు, అంటే మిషన్ చేసే పిల్లగాడు. ఆ పిల్లగాని మీద నాకు కోపం లేదు, మంచోడే. కానీ గా రోజు బట్టలు ఆరేసేది, తువ్వాలు పట్టుకొని నిలబడేది నేను. ఇంటికొచ్చినంక కొన్ని నెలలు పోయిన, తర్వాత మానేసిన. ఇప్పుడు పోతలేను.

మాజీ కౌన్సిలర్ అన్న చెప్పినవన్నీ కరెక్టే, చేయి అక్కా, అన్నీ చేయి. కానీ నీ బిడ్డ అడిగే ప్రశ్నకు అవి జవాబు కాదు. స్పీచ్ చివర ఇచ్చినా, సాక్షిగ నిలబడ్డా, ఆఖరి మాట ఎవరిదన్నదే అసలు ముచ్చట. నువ్వు వార్డ్ కౌన్సిల్‌ల ఏం చెప్పినా బిషప్ ఒప్పుకుంటెనే అయితది. ఒక మనిషి సభ్యత్వం మీద నిర్ణయం తీసుకునే కౌన్సిల్ ఉంటది, అండ్ల నిర్ణయం మగవాళ్ళదే. ఆడమనిషి తప్పుజేసిందని ఆమెను పిలిచి అడిగేది మగవాళ్ళే. టెంపుల్ రికమెండ్ ఇంటర్వ్యూ చేసేది మగవాళ్ళే. దానికి బడ్జెట్‌తోని సంబంధం లేదు.

ఇది అడిగినోళ్ళు లేరా అంటే ఉన్నరు. అమెరికాల 1970ల్లో ఆడవాళ్ళ సమాన హక్కుల రాజ్యాంగ సవరణకు సంఘం ఎదురు నిలబడ్డది, దాన్ని బహిరంగంగ సపోర్ట్ చేసిన సోనియా జాన్సన్‌ని 1979 డిసెంబర్ల వెలేసిన్రు. 2013ల కేట్ కెల్లీ అనే లాయరు ఇంకొంతమంది కలిసి ఆడవాళ్ళకు ప్రైస్ట్‌హుడ్ ఇయ్యాలని అడుగుతూ ఒక గ్రూప్ మొదలుపెట్టిన్రు, ఆమెను 2014 జూన్ల వెలేసిన్రు. ఇగ 2024 మార్చిల రిలీఫ్ సొసైటీ మీటింగ్‌ల ఒక నాయకురాలు, మన సంఘం ఇచ్చినంత అధికారం ఆడవాళ్ళకు ఇంకే మత సంస్థా ఇయ్యలేదని అన్నది. సంఘం ఆ మాటను ఇన్‌స్టాగ్రాంల పెడితే కింద వేలల్ల కామెంట్లు వచ్చినయి, ఎక్కువమంది మన సంఘం ఆడవాళ్ళే, వార్డులల్ల పనిజేస్తున్నోళ్ళే. నేను రాత్రంతా చదివిన. నేనొక్కదాన్నే కాదని గప్పుడు తెలిసింది.

మన సంఘం మొదలుపెట్టిన జోసెఫ్ స్మిత్ నుంచే వచ్చిన ఇంకో సంఘం ఉన్నది, కమ్యూనిటీ ఆఫ్ క్రైస్ట్. వాళ్ళు 1984ల ఆడవాళ్ళకు యాజకత్వం ఇస్తమన్నరు, 2025ల వాళ్ళ మొత్తం సంఘానికే ఒక ఆడమనిషి ప్రెసిడెంట్ అయింది. ఒకే మోర్మన్ గ్రంథం, ఒకే మూలం. అక్కడ అయింది, ఇక్కడ ఎందుకు కాదు?

---

రామంతాపూర్_తల్లి:

తార్నాక చెల్లీ, నీ బాధ అర్థమైంది, మానేశావని నిన్ను ఎవరైనా చిన్నచూపు చూసి ఉంటే అది తప్పు. కానీ నేను వేరేగా ఆలోచిస్తాను, నా మాట కూడా వినండి. నాకు ప్రైస్ట్‌హుడ్ కావాలని ఎప్పుడూ అనిపించలేదు. ఇది భయంతోనో అలవాటుతోనో చెప్పట్లేదు. మా ఆయన సంఘంలోకి రాకముందు తాగేవాడు, జీతం ఎటు పోయేదో తెలీదు. ప్రైస్ట్‌హుడ్ తీసుకోవాలంటే తాగుడు మానాలి, దశమభాగం కట్టాలి, ఇంట్లో సరిగ్గా ఉండాలి. ఆ యాజకత్వం ఆయన్ని ఇంటికి తెచ్చింది. నాకు జ్వరం వస్తే తలమీద చేతులుపెట్టి ఆశీర్వదిస్తాడు, అంతకుముందు అదే చేయి ఎలా లేచేదో నాకు తెలుసు. మన బస్తీల్లో మగవాడికి ఒక బాధ్యత, ఒక గౌరవం ఇచ్చి కూర్చోబెట్టడం వల్ల ఎన్ని ఇళ్ళు నిలబడ్డాయో లెక్క వేస్తే ఈ విషయం అంత తేలిగ్గా తీసిపారేయలేం.

1995లో వచ్చిన కుటుంబ ప్రకటన మా హాల్లో ఫ్రేమ్ కట్టించి పెట్టాం. తండ్రి ఇంటికి అధ్యక్షత వహించాలని ఉంది, నిజమే. దాని కిందే ఇద్దరూ సమాన భాగస్వాములుగా ఒకరికొకరు సహాయపడాలని కూడా ఉంది. మా ఆయన మొదటి ముక్క చదివి ఆపేస్తే నేను రెండో ముక్క చదివిస్తాను.

అధికారం గురించి కూడా, 2014 ఏప్రిల్‌లో ఎల్డర్ ఓక్స్ గారు చెప్పింది చదవండి. అదే ఓక్స్ గారు 2012 మేలో హైదరాబాద్ వచ్చి ఇండియాలోనే మొట్టమొదటి స్టేక్ ఇక్కడ పెట్టారు, చాలామంది మనవాళ్ళు ఆయన్ని చూశారు. ఆడవాళ్ళు కాలింగ్‌లో, అంటే సంఘం ఇచ్చిన బాధ్యతలో, పనిచేసేటప్పుడు వాళ్ళు వాడేది కూడా ప్రైస్ట్‌హుడ్ అధికారమే, అది కాక మరేం అధికారం అవుతుంది అన్నారు. దేవాలయంలో ఆడవాళ్ళకి చేసే కొన్ని విధులు ఆడవాళ్ళే చేస్తారు. బెంగళూరు దేవాలయం సంగతి 2018లో ప్రకటించినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది అదే, మన సిస్టర్లు కూడా అక్కడ ఆ పని చేస్తారు కదా అని.

---

తార్నాక_పిల్ల:

అక్కా, మీ ఇల్లు నిలబడ్డందుకు నాకు నిజంగ సంతోషం. కానీ మీ ఆయన తాగుడు మానాలంటే నా చెల్లె రొట్టె పళ్ళెం పట్టుకోవద్దా? ఈ రెండిటికి ముడి ఎక్కడున్నది? ఆ రొట్టె శనివారం బేకరీల కొనుక్కొచ్చేది ఒక సిస్టర్. పళ్ళెం వరసల ఒకరి నుంచి ఒకరికి పోతుంటే నేను పట్టుకొని పక్కామెకు ఇస్తనే ఉన్న. కూర్చొని ఇస్తె తప్పుకాదు, నిలబడి నడిచిపోయి ఇస్తె తప్పు. దీనికి జవాబు నాకెవరూ చెప్పలేదు.

ఇంకొకటి, ఆశీర్వాదం ముచ్చట తీసిన్రు కాబట్టి చెప్తున్న. పందొమ్మిదో శతాబ్దంల మన సంఘం ఆడవాళ్ళు రోగుల తలమీద చేతులు పెట్టి ప్రార్థన చేసేటోళ్ళు, కాన్పుకు ముందు తల్లికి నూనె రాసి ఆశీర్వదించేటోళ్ళు. ఇది సంఘం తనే ఒప్పుకున్న చరిత్ర, వాళ్ళ వెబ్‌సైట్ల వ్యాసమే ఉన్నది. మెల్లమెల్లగ తగ్గించి 1946ల ఉత్తరం రాసి ఇగ ఎల్డర్లనే పిలవమన్నరు. అంటే ఉన్నదే పోయింది, కొత్తగ అడుగుతున్నది కాదు.

---

సీఎస్ఐ_మెదక్_డయాసిస్:

నేను మీ సంఘం కాదు, సీఎస్ఐ, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా. మా అన్నయ్య మీ దాంట్లో చేరాడు, అందుకే ఈ థ్రెడ్ చదువుతున్నా, బయటిదాన్నని ఏమీ అనుకోకండి.

తార్నాక అమ్మాయి "అక్కడ అయింది ఇక్కడ ఎందుకు కాదు" అంది కదా, మా దగ్గర అయింది, 1976 నుంచే సీఎస్ఐలో ఆడవాళ్ళకి గురువులుగా అభిషేకం ఉంది. 2013 సెప్టెంబరులో ఈ. పుష్పలలిత అమ్మగారు నంద్యాల డయాసిస్‌కి బిషప్ అయ్యారు, సీఎస్ఐ మొత్తంలో మొదటి మహిళా బిషప్, మన తెలుగావిడ. ఆ వార్త విన్నప్పుడు మా ఇంట్లో మా నాయనమ్మ, ఆవిడ ఒకప్పటి బైబిల్ ఉమన్, ఊరూరా నడిచి వాక్యం చెప్పినామె, మంచం మీద లేచి కూర్చుంది.

కానీ రూలు మారగానే అంతా మారిపోతుందని అనుకోకండి. 1976 నుంచి 2013 అంటే ఎన్నేళ్ళు పట్టిందో చూడండి. ఇప్పటికీ కొన్ని పాస్టరేట్లలో లేడీ ప్రెస్బిటర్‌ని (ఆడ గురువుని) వేస్తే మాకు అయ్యగారు కావాలి అని కమిటీవాళ్ళు వెళ్ళి కూర్చుంటారు. పెళ్ళి ఆవిడ చేస్తే ఒప్పుకోని కుటుంబాలున్నాయి. కాబట్టి రామంతాపూర్ అక్క చెప్పినట్టు ఇంట్లో మారాలి, తార్నాక అమ్మాయి చెప్పినట్టు రూలూ మారాలి, ఒకటి అయ్యాక ఇంకొకటి అని వరస పెట్టుకుంటే రెండూ కావు. మీ రూలు మార్చడం మీ చేతిలో లేదు కాబట్టి మీకున్న చోట మొదలుపెట్టండి, అంతే.

---

మాజీ_కౌన్సిలర్_మల్కాజ్‌గిరి:

తార్నాక చెల్లెమ్మ అడిగిన పళ్ళెం ప్రశ్నకి నా దగ్గరా జవాబు లేదు. సేక్రమెంట్ పంచడం డీకన్ల డ్యూటీ అని రూలు ఉంది, అది చెప్పగలను, ఎందుకో చెప్పలేను. నేను కౌన్సిలర్‌గా ఉన్నప్పుడు కూడా చెప్పలేకపోయాను. తెలిసినట్టు నటించి ఏదో ఒక కారణం చెప్పడం మాత్రం మానేయాలి మన బ్రదర్స్, ఆడవాళ్ళు స్వతహాగా ఆధ్యాత్మికంగా ఎక్కువ కాబట్టి వాళ్ళకి అవసరం లేదు లాంటివి. ఆ మాట పొగడ్తలా ఉంటుంది, విన్న అమ్మాయికి మాత్రం తలుపు మూసినట్టే.

ఉప్పల్ సిస్టర్ గారు, మీ అమ్మాయి అడిగితే "ఇప్పుడు ఇలా ఉంది, ఎందుకో నాకు తెలీదు, ఇంతకుముందు మారినవి ఇవి" అని చెప్పండి. 1978కి ముందు నల్లజాతి మగవాళ్ళకి కూడా యాజకత్వం ఇచ్చేవారు కాదు, దానికీ ఏవేవో కారణాలు చెప్పేవారు, ఆ కారణాలన్నీ తప్పని సంఘమే తర్వాత చెప్పింది. 2015లో సాల్ట్ లేక్‌లో పెద్ద నిర్ణయాలు తీసుకునే మూడు ఎగ్జిక్యూటివ్ కౌన్సిళ్ళలో మొదటిసారి సిస్టర్లని కూర్చోబెట్టారు, లిండా బర్టన్, బానీ ఆస్కర్‌సన్, రోజ్‌మేరీ విక్సమ్. ఇది చాలదు, నాకూ తెలుసు. కానీ పైన ఆ బల్ల దగ్గర చోటిచ్చినప్పుడు మన వార్డు బల్ల దగ్గర సిస్టర్ మాట మధ్యలో తుంచే హక్కు ఎవరికీ లేదు.

---

డబ్బు_లెక్కలు_సికింద్రాబాద్:

ఎవరూ డబ్బు సంగతి ఎత్తలేదు, నేను ఎత్తుతా, ఎందుకంటే నాకు అసలు విషయం అక్కడే కనిపిస్తోంది. ఉప్పల్ అక్కా, మీరు పట్టుకున్న రిలీఫ్ సొసైటీ 1842 మార్చి 17న ఇల్లినాయ్‌లోని నావూలో మొదలైంది, జోసెఫ్ స్మిత్ భార్య ఎమ్మా స్మిత్ మొదటి ప్రెసిడెంట్. తర్వాత యూటాలో వీళ్ళు చేసిన పనులు చూస్తే కళ్ళు తిరుగుతాయి. 1876లో అప్పటి ప్రవక్త బ్రిగమ్ యంగ్ గోధుమలు నిల్వ చేసే పని మగవాళ్ళకి కాకుండా ఎమ్మెలిన్ వెల్స్ అనే ఆవిడకి అప్పగించాడు. ఆడవాళ్ళు పొలాల్లో పరిగె ఏరుకొచ్చి, సొంత గిడ్డంగులు కట్టి, సొంత కమిటీలతో నడిపించారు. 1906లో శాన్ ఫ్రాన్సిస్కో భూకంపం బాధితులకి ఆ ధాన్యం పంపారు, 1918లో యుద్ధం టైములో అమెరికా ప్రభుత్వమే వాళ్ళ దగ్గర రెండు లక్షల బుషెల్స్ (ధాన్యం కొలత) పైన కొనుక్కుంది. ఆ డబ్బు వడ్డీతో తల్లుల, పిల్లల ఆరోగ్యం చూశారు. 1882లో డెజరెట్ హాస్పిటల్ పెట్టారు. సొంత పత్రిక ఉండేది, సొంత చందా, సొంత ఖాతా.

ఈ ఆడవాళ్ళే 1870 ఫిబ్రవరిలో యూటాలో ఓటు వేశారు, అమెరికాలో చాలా రాష్ట్రాల వాళ్ళకంటే ఎంతో ముందు. 1887లో అమెరికా పార్లమెంటు ఆ ఓటు లాగేసుకుంటే కొట్లాడి 1896లో మళ్ళీ తెచ్చుకున్నారు, అదే ఏడు మార్తా హ్యూస్ కానన్ అనే డాక్టరు ఎన్నికల్లో నిలబడి గెలిచి అమెరికాలో మొదటి మహిళా రాష్ట్ర సెనేటర్ అయింది, ఓడిపోయిన వాళ్ళలో ఆవిడ సొంత భర్త కూడా ఉన్నాడు.

1970లో ఆ సొంత ఖాతా పోయింది. రిలీఫ్ సొసైటీ డబ్బు ప్రైస్ట్‌హుడ్ నాయకత్వం కిందికి వెళ్ళింది, పత్రిక ఆగిపోయింది. అప్పటినుంచి ఇప్పటిదాకా మీలాంటి ప్రెసిడెంట్ బిషప్ గారు ఇచ్చిన బడ్జెట్‌లో సర్దుకోవాల్సిందే. దశమభాగం కవర్లు విప్పి లెక్కపెట్టేది కూడా బిషప్రిక్, క్లర్కు, అంటే బ్రదర్సే. మా అమ్మ ఊళ్ళో డ్వాక్రా గ్రూపు లీడరు, పాస్‌బుక్ ఆవిడ బీరువాలో ఉంటుంది, తీర్మానం రాసి సంతకాలు పెట్టి బ్యాంకుకి వెళ్తారు. అదే అమ్మ ఆదివారం చర్చిలో సిస్టర్ల మీటింగ్‌కి బిస్కట్ల ఖర్చుకి ఎవరినో అడగాలి. అందుకే చెప్తున్నా.

1970కి ముందు పద్ధతి మీరు వెనక్కి తేలేరు. కానీ ఈ ఏడాది వార్డు బడ్జెట్ మొత్తం ఎంత, దాంట్లో రిలీఫ్ సొసైటీకి ఎంత, యంగ్ విమెన్‌కి ఎంత, అబ్బాయిలకి ఎంత, ఈ నాలుగు అంకెలు కాగితం మీద రాసి ఇవ్వమని క్లర్కుని అడగొచ్చు. కోపంగా అడగక్కర్లేదు, మొదటి మీటింగ్‌లో మామూలుగా అడగండి. పేదరికం ఉన్న ఇళ్ళ లిస్టు మీ దగ్గర ఉంటుంది కదా, ఫాస్ట్ ఆఫరింగ్, అంటే ఉపవాసం ఉండి పేదల కోసం ఇచ్చే డబ్బు, ఎవరికి వెళ్ళాలో నిర్ణయం బిషప్‌దే, కానీ ఇంటికి వెళ్ళి గ్యాస్ ఉందా, బియ్యం ఎన్నాళ్ళొస్తాయి, పిల్లల స్కూలు ఫీజు బాకీ ఎంత అని చూసొచ్చి చెప్పేది ఎక్కువగా రిలీఫ్ సొసైటీ ప్రెసిడెంటే. మీరు రాసిచ్చిన కాగితం పక్కన పెట్టి నిర్ణయం తీసుకోవడం ఏ బిషప్‌కైనా కష్టం. అందుకని నోటిమాటగా చెప్పకండి, రాసి తీసుకెళ్ళండి, తేదీ వేయండి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

---

ఉప్పల్_సిస్టర్:

రాసి తీసుకెళ్తాను. ఆ నాలుగు అంకెలూ అడుగుతాను. తార్నాక చెల్లీ, నీకు ప్రైవేట్ మెసేజ్ పెట్టాను, సంఘానికి రమ్మని కాదు. మా పెద్దమ్మాయికి మిషన్‌కి వెళ్ళాలని ఉంది, వెళ్ళొచ్చినవాళ్ళు నిజంగా ఎలా ఉంటుందో చెప్తే వినాలనుకుంటోంది, తువ్వాలు పట్టుకున్న సంగతితో సహా. వీలుంటే ఒక ఆదివారం సాయంత్రం ఇంటికి రా.